పన్నెండు నెలలు, పన్నెండు తిరుగుళ్లు, ఒక పుస్తకం: ఈ ప్లాను నిలబడుతదా?

నల్లగొండ_నోట్‌బుక్:

అందరికీ నమస్తే. జనవరి నుంచి డిసెంబరు దాకా నెలకొక చోటు తిరిగి, నెలకొక వ్యాసం రాసి, ఏడాది చివర హైదరాబాద్ పుస్తక ప్రదర్శన నాటికి చిన్న పుస్తకంగా తేవాలని అనుకుంటున్న. రాసుకున్న చోట్లు ఇవి: భువనగిరి కోట, దేవరకొండ ఖిల్లా, రాచకొండ, పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం, పిల్లలమర్రి, ముడుమాల్ నిలువురాళ్లు, అలంపురం, సోమశిల, సలేశ్వరం, మల్లెల తీర్థం, సరళాసాగర్, కురుమూర్తి జాతర. కారు లేదు. బస్సు, బైకు, దగ్గరి చోట్లకు సైకిల్.

అడగాల్సినవి: ఏ నెలల ఎటు పోవాలె? నల్లమలకు ఒక్కణ్నే పోవచ్చా? నడుస్తూ నోట్సు ఎట్ల రాసుకోవాలె, ఫోన్ల వాయిస్ టైపింగ్ సరిపోతదా? వంద కాపీలు వేయించాలంటే డీటీపీ ఆయన అను ఫాంటులనే కావాలంటున్నడు, నేనేమో అంతా ఫోన్ల యూనికోడుల టైపు చేస్త. ఇదే సరుకుతోటి చిన్న ఆడియో సిరీస్, ఒక నవల కూడా మొదలుపెట్టాలని ఉన్నది. ఎక్కువ అయితదా?

గుట్టలబాట:

ఎక్కువ అయితది. నవల పక్కన పెట్టుండ్రి, ఆడియో సంగతి తర్వాత చూద్దాం. పన్నెండు చోట్లు కూడా ఎక్కువే. నెలకొకటి అని గీత గీసుకుంటే మే నెలల భువనగిరి, జులైల ముడుమాల్ పడ్డా పోవాల్సొస్తది. చోటును బట్టి నెల కుదరాలె గానీ నెలను బట్టి చోటు కాదు.

ముందు ఇది చెప్పుండ్రి: పిల్లలమర్రి అంటే ఏ పిల్లలమర్రి? మహబూబ్‌నగర్ మర్రిచెట్టా, సూర్యాపేట దగ్గర కాకతీయుల గుళ్లున్న ఊరా? రెండూ రాయదగ్గవే, కానీ బస్సు ఎక్కినంక తేడా తెలిస్తే లాభం లేదు. మర్రిచెట్టు అయితే దాని వయసు ఏడు వందల ఏండ్లని అందరూ రాసిందే. 2018ల చెదలు తొలిచిన ఆ చెట్టుకు సెలైన్ సీసాలు వేలాడదీసి, చుక్క చుక్కగా క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు ఎక్కించిన్రు. కొమ్మలు కూలకుంట కింద సిమెంటు దిమ్మెలు కట్టిన్రు. చెట్టుకు చేసిన ఆ వైద్యం మీద రాస్తే కొత్త వ్యాసం అయితది.

భువనగిరి: డిసెంబరు నుంచి ఫిబ్రవరి. ఒకే బండ, సుమారు 500 అడుగుల ఎత్తు. 2014ల ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తొలి శిక్షణ తీసుకున్నది ఇక్కడనే. మెట్లు కొంత దాకనే, ఆ పైన వాలుబండ మీద నడక. బండ మీద నల్లటి చారలు నిలువుగా కనపడతయి చూడుండ్రి, అవి వాననీళ్లు దిగే దారులు. ఆ నలుపు పాచి. ఎండినప్పుడు గరుకుగనే ఉంటది, ఒక్క జల్లు పడితే సబ్బు లెక్క జారుతది. చారల నడుమ ఉండే బూడిదరంగు బండ మీదనే అడుగు పెట్టాలె. జారుడు ఎక్కేటప్పుడు తక్కువ, దిగేటప్పుడే ఎక్కువ. భయానికి ఒళ్లు వెనక్కి వంచితే మడమ మీద బరువు పడి కాలు తేలిపోతది. మోకాళ్లు కొంచెం వంచి, అడుగులు చిన్నగ వేస్తూ, బరువు పాదాల మీదనే ఉంచి దిగాలె. అడుగు అరిగిన షూ కన్నా మెత్తటి రబ్బరు అడుగున్న మామూలు కాన్వాస్ బూట్లే నయం.

కొండచరియల కింద పెద్ద తేనెతుట్టెలు ఉంటయి. సెంటు కొట్టుకొని పోవద్దు, పొగ పెట్టొద్దు, కింద నిలబడి కేకలు వేయొద్దు. లేస్తే చేతులు ఊపకుంట ముఖం, మెడ బట్టతోటి కప్పుకొని దూరం పోవాలె. దొనలల్ల (బండల నడుమ నీటిగుంటలు) నీళ్లు పచ్చగ చల్లగ కనపడతయి, దిగొద్దు. అంచు వాలు కాబట్టి లోపటికి పోవుడు అల్కగ ఉంటది, పైకి వచ్చేటప్పుడు పట్టు దొరకది.

దేవరకొండ, రాచకొండ రెండూ రేచర్ల పద్మనాయకుల కోటలే. రెండిట్ల ఒక్కటే పెట్టుకోండ్రి, లేకపోతే పేజీలు ఒకటే తీరుగ వస్తయి. నన్నడిగితే రాచకొండ. అక్కడ టికెట్టు లేదు, రెయిలింగు లేదు, దారి చెప్పే బోర్డులు నమ్మేటట్టు ఉండవు. సీతాఫలం చెట్లు, ముళ్లపొదలు దారిని మింగేస్తయి గనక జనవరి తర్వాత పోవాలె, అప్పటికి ఆకు రాలి గోడల వరుస కనపడతది. పొద్దున్నే పోయి, ఊరోళ్లల్ల ఒకరిని వెంట తీసుకపోండ్రి, వాళ్ల కూలి వాళ్లకు ఇవ్వుండ్రి.

ముడుమాల్‌కు మాత్రం తారీఖు చూసి పోవాలె. డిసెంబరు 21 లేకుంటే మార్చి 20-21. నారాయణపేట జిల్లా కృష్ణా మండలం, దగ్గరి రైల్వే స్టేషన్ కృష్ణా. పది నుంచి పద్నాలుగు అడుగుల నిలువురాళ్లు, వాటి నడుమ చిన్న రాళ్ల వరుసలు. సూర్యుడు ఉత్తరానికో దక్షిణానికో మళ్లే రోజులల్ల, పగలు రాత్రి సమానమయ్యే రోజులల్ల పొద్దు వాటితోటి ఒక లైనుకు వస్తదని పరిశోధకులు చూసిన్రు. 2025ల యునెస్కో తాత్కాలిక జాబితాల చేరింది. ఊరోళ్లకు అది నిలువురాళ్ల తిమ్మప్ప. చీకటి ఉండంగనే చేరి, ఒక రాయిని ఎంచుకొని, దాని నీడ కొన దగ్గర చిన్న రాయి పెట్టుకుంట అర్ధగంటకొకసారి గుర్తు వేయండ్రి. పది గుర్తులు అయ్యేసరికి వ్యాసం సగం తయారు. బొడ్డెమ్మ లెక్క గుండ్రంగ నిలబడి ఫొటోలు దిగి వచ్చేటోళ్లకు ఆ సంగతి కనపడది. చుట్టూ చేలు, పత్తి కంది నిలబడి ఉంటే అడ్డం పడి నడవొద్దు.

ఇప్పపువ్వు:

నల్లమల గురించి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి ఒంటరిగా, అనుమతి లేకుండా, దారి వదిలి నడవడం చట్టరీత్యా నేరం. అడవి గురించి రాసేవాళ్లే "రహస్య జలపాతం" అని పోస్టులు పెట్టి జనాన్ని తోలుతున్నారు కాబట్టి ఇది ముందే చెప్పాల్సి వస్తోంది. అనుమతి ఉన్న దారుల్లోనే కావలసినంత ఉంది: మన్ననూరు నుంచి ఫరహాబాద్ వైపు అటవీశాఖ సఫారీ, వటవర్లపల్లి దగ్గర మల్లెల తీర్థం జలపాతం, రంగాపూర్ ఉమామహేశ్వరం. సఫారీ వానాకాలంలో మూస్తారు, తెరిచారో లేదో కనుక్కునే బయలుదేరండి.

శ్రీశైలం రోడ్డులో అడవి భాగం రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు మూసేస్తారు. బైకు మీద వెళ్లేవాళ్లు ఇక్కడే లెక్క తప్పుతారు. మల్లెల తీర్థంలో సాయంత్రం దాకా కూర్చుని, ఏడింటికి బయలుదేరి, దారిలో పంక్చరైతే చెక్‌పోస్టు మూసే వేళకు అడవిలోనే ఉంటారు. మధ్యాహ్నం మూడింటికల్లా పైకి ఎక్కడం మొదలుపెట్టాలి. దిగడానికి దాదాపు 350 మెట్లు, ఎక్కడానికీ అన్నే అని దిగేటప్పుడు ఎవరికీ గుర్తుండదు. నవంబరు, డిసెంబరు మంచి నెలలు: ధార ఉంటుంది, బురద ఉండదు.

సలేశ్వరం జాతర సంగతి వేరు. చైత్ర పౌర్ణమికి అటూ ఇటూ కొద్ది రోజులే తెరుస్తారు. మొదటి ఏడాదే దాన్ని పెట్టుకోవద్దని నా మాట. వాహనాలు ఆపిన చోటు నుంచి రాళ్ల మీద నడక, చివర ఇరుకు లోయలోకి దిగుడు, ఎదురుగా పైకి వచ్చేవాళ్లు, ఏప్రిల్ ఎండ. ఆ తోపులాటలో నోటుపుస్తకం తీసే చోటే ఉండదు. తప్పదంటే మొదటి రోజు పొద్దున్నే వెళ్లండి. మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు, రెండు ఓఆర్ఎస్ పొట్లాలు ఉండాలి. లీటరు పొట్లాన్ని పూర్తి లీటరు నీళ్లలోనే కలపాలి. అర లీటరులో చిక్కగా కలిపి తాగితే వాంతులు పట్టుకుంటాయి. ప్లాస్టిక్ సీసాలు ఆపుతారు, స్టీలు సీసాలు తీసుకెళ్లండి. తినడానికి పల్లిపట్టీ, పేలాలు, జొన్నరొట్టె చాలు. పెరుగన్నం ఆ ఎండకు రెండు గంటల్లో పులుస్తుంది.

చెంచు పెంటల (చెంచుల చిన్న ఊళ్ల) దగ్గర కెమెరా బయటికి తీయకముందు మాట కలపండి, అడగండి. వద్దంటే వద్దే. ఇప్పపువ్వు ఏరుతున్న ముసలమ్మ ఫొటో కింద "అమాయక గిరిజనులు" అని రాసే అలవాటు ఉంటే దయచేసి నల్లమల వదిలేయండి. పుస్తకంలో ఎవరి మాటైనా పేరుతో వేస్తే, అచ్చుకు ముందు ఆ పేరా వాళ్లకు చదివి వినిపించి రావాలి. ఆ రెండో ప్రయాణం ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

సోమశిల మే నెలలో. శ్రీశైలం జలాశయం నిండు మట్టం 885 అడుగులు. నీళ్లు దిగిపోయాక కృష్ణ ఒడ్డు ఎంత దూరం జరుగుతుందో అప్పుడే తెలుస్తుంది. అక్కడ ఒండ్రుతో జాగ్రత్త. పైపెంకు ఎండి, బీటలు వారి, గట్టినేలలా కనపడుతుంది, దాని కింద మోకాటి లోతు బురద ఉంటుంది. కర్రతో పొడుచుకుంటూ, పశువుల డెక్కలు పడిన చోటే నడవాలి. గేదె నడిచిన చోట మనిషి నడవొచ్చన్నది పడవవాళ్ల లెక్క, అదే నమ్మకమైనది. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ కొక్కేలన్నీ పెట్టుకుని ఎక్కండి.

తుమ్మముల్లు:

సైకిల్ ముచ్చట ఎవరూ చెప్పలే. మన దిక్కు పంక్చరు చేసేది మేకు కాదు, సర్కారు తుమ్మ ముల్లు. కాలువ గట్ల మీద కంప కొట్టి పడేస్తరు, అది ఎండినంక టైరు లోపటి దాకా దిగుతది. ట్యూబు మార్చి గాలి కొట్టంగనే మళ్ల దిగిపోయిందంటే కొత్త ముల్లు కాదు, పాతదాని మొన టైరుల ఇరిగి ఉన్నట్టు. టైరు లోపట పాత నూలు గుడ్డ చుట్టూ తిప్పాలె, ముల్లున్న చోట దారం పట్టుకుంటది. వేలితోటి వెతకొద్దు, వేలు తెగుతది. ముల్లును బయటి నుంచి కాదు, లోపటి నుంచి కటింగ్ ప్లేయరుతోటి లాగాలె. రెండు ట్యూబులు, చేతిపంపు, రెండు టైరు లివర్లు, ఇంత ఉంటే సరి. పానగల్లుకు సైకిల్ మంచిది. సోమశిల, ముడుమాల్ వద్దు, బస్సో రైలో ఎక్కుండ్రి.

అచ్చుమడి:

మీ ప్లానులో అసలు పగులు ఎవరూ పట్టుకోలేదు. హైదరాబాద్ పుస్తక ప్రదర్శన మామూలుగా డిసెంబరులో. జనవరి నుంచి డిసెంబరు దాకా తిరిగి అదే డిసెంబరులో పుస్తకం ఎట్లా తెస్తారు? వెనక నుంచి లెక్క వేయండి. అచ్చు, బైండింగుకు 15 రోజులు, పేజీలు పెట్టడానికి 15, మూడు విడతల ప్రూఫులకు 45. అంటే సెప్టెంబరు చివరికి చివరి వ్యాసం చేతిలో ఉండాలి. కురుమూర్తి జాతర దీపావళి తర్వాత. జనవరి లెక్కలో అది పుస్తకంలోకి రాదు. నవంబరులో చూసే మల్లెల తీర్థం కూడా రాదు. మీ జాబితాలో మంచివే బయట పడిపోతున్నాయి.

జనవరి కోసం ఆగకుండా ఈ దసరాకే మొదలుపెట్టండి. దీపావళికి కురుమూర్తి, తర్వాత మల్లెల తీర్థం, డిసెంబరు 21న ముడుమాల్, చలి ఉండగా రాచకొండ, ఎండ ముదిరాక సోమశిల, ఆగస్టు, సెప్టెంబరులో సరళాసాగర్. ఎండలకు, వానలకు దూరం పోలేని రోజుల్లో పానగల్లు. మొత్తం ఏడు. సరళాసాగర్ నిండితేనే చూడాలి: గేట్లు ఎత్తకుండా సైఫన్లు అనే వంపు గొట్టాల గుండా నీళ్లు వాటంతట అవే దూకుతాయి. నీళ్లు పైకి వచ్చి గొట్టంలో గాలిని తోసేశాక లాగుడు మొదలవుతుంది, మట్టం దిగి గాలి జొరబడగానే ఆగిపోతుంది. 1959 నాటి కట్టడం. 2019 డిసెంబరు 31న దాని కట్టే తెగింది. ఈ రెండూ ఒకే వ్యాసంలో పెట్టండి. చెరువు నిండకపోతే మీ పుస్తకం ఆరు వ్యాసాలదే, ఏడోది బలవంతంగా నింపొద్దు.

సైజు: డెమీ 1/8, అంటే 5.5 × 8.5 అంగుళాలు. 12 పాయింట్ల అక్షరంతో పేజీకి 28 వరుసలు, వరుసకు ఏడు మాటలు, మొత్తం 200 మాటల దాకా పడతాయి. వ్యాసానికి 2,500 మాటల చొప్పున ఏడింటికి 17,500, అంటే 88 పేజీలు. ముందు పేజీలు 8 కలిపితే 96, సరిగ్గా 16 పేజీల ఫారాలు ఆరు. ఫారాల లెక్కన వేసే చోట 98 పేజీలైతే ఇంకో ఫారం ఖర్చు, అందులో 14 పేజీలు ఖాళీ. పేజీలు తేలాక రెండు పేరాలు కోసే ధైర్యం ఉంచుకోండి.

కాగితం 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు) మ్యాప్‌లిథో రకం, అట్ట 300 జీఎస్ఎం ఆర్ట్‌కార్డు, మ్యాట్ లామినేషన్. వంద కాపీలకు డిజిటల్ ప్రింటే, ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల ఖర్చు వందకు కిట్టదు. 96 పేజీలకు వెన్ను నాలుగైదు మిల్లీమీటర్లు వస్తుంది. దాని మీద పేరు వేస్తే బైండింగులో అటో ఇటో జరిగి అట్ట మీదికి పాకుతుంది, వెన్ను ఖాళీగా వదిలేయండి. లోపలి మార్జిన్ 20 మిల్లీమీటర్లకు తగ్గితే పుస్తకం చీల్చి చదవాలి. ఫొటోలు నలుపు తెలుపులోనే వేస్తారు కాబట్టి ఫోన్లో చూసినదానికన్నా ఒక మెట్టు వెలుగు పెంచి ఇవ్వండి, మ్యాప్‌లిథో సిరా పీల్చి నీడలన్నీ మసి చేస్తుంది. కోటగోడల ఫొటోలకు ఇది మరీ ఎక్కువ.

ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు) ఉచితం. ప్రభుత్వ పోర్టల్లో రచయితే ప్రచురణకర్తగా నమోదు కావచ్చు. రోజుల్లో వచ్చేది కాదు, పేరు ఖాయం కాగానే దరఖాస్తు పెట్టండి. అచ్చయిన 30 రోజుల్లో కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, మిగతా మూడు డిపాజిట్ గ్రంథాలయాలకు ఒక్కో కాపీ పంపాలని 1954 చట్టం. వందలో ఆ నాలుగు ముందే తీసి పెట్టుకోండి.

నల్లగొండ_నోట్‌బుక్:

దసరా లెక్క నా బుర్రకు తట్టనే లేదు. నవల ఆపేసిన. పిల్లలమర్రి అంటే మర్రిచెట్టే, దాన్ని ఇంకో ఏడాదికి దాచుకుంట. నోట్సు, ఆడియో, అను ఫాంటు మిగిలినయి. కురుమూర్తిల ఏం చూడాలె?

చెలిమె:

కురుమూర్తిల ఉద్దాలు చూడండ్రి. స్వామికి తోలు చెప్పులు చిన్నవడ్డేమాన్‌ల తయారయి ఊరేగింపుగ వస్తయి. జాతర నాడు గుట్ట మీద తొక్కులాట చూసుడు కన్నా, ముందు రోజులల్ల తోలు కోసే చోట కూసుంటే ఎక్కువ దొరుకుతది. ఏ పనిముట్టును ఏమంటరో వాళ్ల నోటి మాటే రాసుకోండ్రి, అర్థం తర్వాత వెతుక్కోవచ్చు.

నోటుపుస్తకం జేబుల పట్టేది, పెన్సిల్ 2బి. జెల్ పెన్ను చెమటకే పారుతది. ఎడమ పేజీల కండ్లకు కనపడ్డది, చెవులకు వినపడ్డది మాత్రమే. కుడి పేజీల మీకు అనిపించింది. "అద్భుతం", "ప్రశాంతం" లాంటివి ఎడమ దిక్కు వచ్చినయంటే కొట్టేయండ్రి. అదే రాత్రి పడుకునే ముందు 300 మాటలు. మూడు రోజులు ఆగితే గోడ రంగు పోతది, మనిషి మాట పోతది, మీ అభిప్రాయం ఒక్కటే మిగులుతది.

వాయిస్ టైపింగుకు మన యాస పట్టది. "పోవాలె" అంటే "పోవాలి" అని దిద్దుతది, "గాడ" అంటే "గాడిద" చేసినా చేస్తది. మీ సొంత మాటలకు వాడుకోండ్రి, ఎదుటోళ్ల మాటలకు మాత్రం ఉత్త రికార్డింగు పెట్టుండ్రి. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌ల ఉంచి, మైకు రంధ్రం మీద స్పాంజి ముక్క పెట్టి రబ్బరు బ్యాండ్ వేస్తే గాలి బుస తగ్గుతది. అడిగి, ఒప్పుకుంటేనే రికార్డు చేయాలె, ఆ ఒప్పుకున్న మాట కూడా రికార్డుల ఉండాలె. ప్రతి చోటా ఎవరూ మాట్లాడని ఒక నిమిషం వట్టి చప్పుడు తీసుకోండ్రి, ముక్కలు అతికేటప్పుడు నడుమ అదే పనికొస్తది. ఫైలు పేరుల తారీఖు ముందు, ఊరు తర్వాత. ఈ ఒక్క అలవాటు ఉంటే ఆడియో సిరీస్ వచ్చే ఏడు చేసుకోవచ్చు, ఇప్పుడు వేరే పని అక్కర్లేదు.

ఛాయా సోమేశ్వరాలయానికి ఒకే రోజు మూడు సార్లు పోండ్రి, పొద్దున, పన్నెండింటికి, నాలుగింటికి. లింగం వెనక గోడ మీద నీడ కదలది. ఒక్క స్తంభం నీడ అని అందరూ రాస్తరు గానీ అది కాదు. మంటపంల స్తంభాల సందుల నుంచి రెండు మూడు దిక్కుల వెలుగు చెదిరి వస్తది, ఆ నడుమ వెలుగు పడని పట్టీనే నీడ లెక్క కనపడతది. ఎండ నేరుగ పడది గనకనే పొద్దుతోటి జరగది. లోపట నిలబడి నీడను చూసుడు అయినంక, వెనక్కి తిరిగి వెలుగు ఏ సందుల నుంచి వస్తుందో బొమ్మ గీసుకోండ్రి. ముడుమాల్‌ల జరిగే నీడ, ఇక్కడ జరగని నీడ. పుస్తకంల ఈ రెండు పక్కపక్కన పెట్టొచ్చు.

అచ్చుమడి:

అను ఫాంటు గురించి. అది యూనికోడ్ కాదు, ఇంగ్లిష్ అక్షరాల చోట తెలుగు ముక్కలు కూర్చిన ఫాంటు. మీ యూనికోడ్ పాఠాన్ని కన్వర్టర్‌తో అందులోకి మారిస్తే వత్తులు, పొల్లులు తారుమారవుతాయి. మీరు ప్రూఫులో దిద్దినవన్నీ ఆయన ఫైల్లోనే ఉండిపోతాయి, మీ దగ్గర ఉన్నది పాత ప్రతే. యూనికోడ్‌లోనే, ఇన్‌డిజైన్ అనే పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్‌లో పెట్టేవాళ్లను వెతకండి. అక్కడ వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ అనే సెట్టింగు ఎంచుకున్నారా అని ముందే అడగండి. అది లేకపోతే వత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి. సొంతంగా చేసుకుంటే లిబ్రాఫీస్ చాలు. నోటో సెరిఫ్ తెలుగు, సూరన్న లాంటి ఉచిత ఫాంట్లలో ఒక పేజీ ప్రింటు తీసి చూసి ఎంచుకోండి.

మీ పుస్తకంలో ఎక్కువసార్లు వచ్చే తప్పు ఏదో ఇప్పుడే చెప్పొచ్చు. పొల్లు తర్వాత కనపడని విరామ అక్షరం ఒకటి ఉంటుంది, కన్వర్టర్లు దాన్ని మింగేస్తాయి. అప్పుడు మహబూబ్‌నగర్ కాస్తా మహబూబ్నగర్ అవుతుంది, నాగర్‌కర్నూల్ నాగర్కర్నూల్ అవుతుంది. చివరి పీడీఎఫ్‌లో వెతుకుడు నమ్మొద్దు, తెలుగు అక్షరాలు అందులో సరిగా దొరకవు. ఊళ్ల పేర్లు వచ్చే పేజీల నంబర్లు ముందే రాసుకుని, కాగితం మీద ప్రింటు తీసి, వేలు పెట్టి ఒక్కొక్కటే చూడండి.